ఎర్ర గుర్తు లేని వరస

అన్నయ్య పోయిన రోజు సాయంత్రానికే ఆఫీసులో ఆయన బల్ల ఖాళీ చేశారు. ఆయన వాడిన కంప్యూటర్‌ని, అందులో ఆయనొక్కడే పెట్టుకున్న పాత ప్రోగ్రామింగ్ భాషతో సహా తుడిచేసి, కొత్తగా చేరినవాళ్లకిచ్చారు. అక్కడే పనిచేసే చెల్లెలికి మిగిలింది ఆయన రాసిన ప్యాకేజీలనే సాఫ్ట్‌వేర్ ముక్కలు, వాటి మీద పడ్డ నింద.

ఆసుపత్రిలో రోగికి మందు ఎక్కించే పంపు ఒకటి తప్పు లెక్క చూపించింది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ వీళ్లదే.

"మీ అన్నయ్య ఆ పాత భాష పట్టుకుని వేలాడాడమ్మా. తప్పు అక్కడే ఉంటుంది," అన్నాడు మేనేజరు.

"పోయినవాడి మీదికి నెట్టడం తేలికేనండీ. ఎదురు చెప్పడు."

ఆ మాట చెవిన పడ్డప్పటినుంచి వదిన అన్నం ముందు కూర్చుని, కలిపి, లేచిపోతోంది. "ఆ రోగికి ఏమైనా అయితే ఆ పాపం మీ అన్నయ్యదేనా?"

"తేలుస్తాను వదినా."

తేల్చడానికి ప్యాకేజీలని కంప్యూటర్ల మీద నడిపి చూసే పరీక్షలు ముందుకు సాగాలి. తప్పు దొరికితే ఎర్ర గుర్తు, లేకపోతే ఆకుపచ్చది. అన్ని ప్యాకేజీలూ ఒకే వరసలో నిలబడేవి. ఈమధ్య ఆ వరస ఎక్కడో ఆగిపోయి రోజంతా కదలడం లేదు.

"ఒక్కోదానికీ అది ఏ భాషదో లేబుల్ పెడదామండీ. ఏ భాషది ఆ భాష తెలిసిన కంప్యూటర్‌కే పోతుంది. ఒకదాని కోసం ఇంకోటి ఆగదు. తప్పెవరిదో కూడా తెలుస్తుంది," అంది చెల్లెలు మేనేజరుతో.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకమ్మా?"

"టైం కలిసొస్తుంది."

టైం అనేసరికి ఒప్పుకున్నాడు.

ప్రతి ప్యాకేజీ తెరిచి, చదివి, లేబుల్ పెట్టింది. అన్నయ్యవాటికి ఆ పాత భాష పేరు రాసింది.

మర్నాడు టీ తాగి వచ్చేసరికి వరస కదిలి, ఫలితాలు తెర మీదికొచ్చాయి. మేనేజరు కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు.

"ఈ ఎర్ర గుర్తులెవరివి?"

"మావే," అన్నాడు పక్క బల్ల ఆయన. అన్నయ్య పేరు ముందుగా ఎత్తింది ఆయనే.

"మీ అన్నయ్య వరసలో ఒక్క ఎరుపూ లేదమ్మా." మేనేజరు గొంతు తగ్గించాడు. "ఏదో తొందరపడి అన్నాను. మనసులో పెట్టుకోకు."

ఆమె తెరకేసి చాలాసేపు చూసింది. ఆ వరసలో ఆకుపచ్చ గుర్తూ లేదు.

ఇంట్లో వదిన రెండోసారి అన్నం వడ్డించుకుంది. "నే చెప్పలా, ఆయన చేతిలో తప్పు జరగదని?"

"అవును వదినా," అంది చెల్లెలు, తల ఎత్తకుండా.

ఆ పాత భాష తెలిసిన కంప్యూటర్ ఆఫీసులో ఒక్కటీ మిగల్లేదు; అన్నయ్య ప్యాకేజీల పరీక్ష ఇంకా మొదలే కాలేదు.