రెండో గొంతు

"ఇందులో కూడా ఆపేసింది," అంది అక్క, ఫోను చెవికి దగ్గరగా పెట్టుకుని.

టైలరు మిషను ఆపి భార్య వైపు చూశాడు. "ఛార్జింగ్ అయిపోయిందేమో చూడు."

"ఛార్జింగ్ ఉందండీ. పాడటం ఆపేసింది. ఇదిగో, మళ్లీ మొదలుపెట్టింది."

పొద్దున చెల్లెలు పంపిన పాటలవి. ఒక్క మాట కూడా రాయకుండా ఆల్బమంతా పంపింది. గిటారు ఒక్కటి, గొంతు ఒక్కటి. ఇంకే వాయిద్యమూ లేదు. ఖాళీ బస్సు మీద, తీగ మీద ఆరేసిన ఒంటరి చొక్కా మీద, అన్నీ అలాంటి పాటలే. చెల్లెలు ఒక వరుస పాడుతుంది. తర్వాతి వరుసకు గిటారు మాత్రమే నెమ్మదిగా నడుస్తుంది. మళ్లీ చెల్లెలు.

టైలరు కాసేపు విన్నాడు. "కాజాలు కోసి గుండీలు కుట్టడం మరిచిపోయినట్టుంది. జనం వింటారంటావా?"

అక్క నవ్వలేదు. చిన్నప్పటి నుంచీ ఇద్దరూ కలిసే పాడారు. చెల్లెలిది మొదటి గొంతు, తనది రెండోది. కిందటేడు ఒక కచేరీ పోస్టరు మీద చెల్లెలి పేరొక్కటే వేశారు. "పోనీలే అక్కా," అంది చెల్లెలు. ఆ మాటకు అక్కకు ఒళ్లు మండి, "నేను లేకపోతే నీ పాట కుంటుతుంది, చూసుకో," అనేసి వచ్చేసింది. అప్పటి నుంచి మాటల్లేవు.

"నన్ను కత్తిరించేసి, అది నాకే వినిపిస్తోందండీ. నువ్వు లేకపోయినా నా పాట నడుస్తోంది చూడు అని."

"పొగరో, ప్రేమో నాకైతే అంతుపట్టట్లేదు. అదేదో దాన్నే అడుగు."

"అడగను. నాకు చెల్లెలే లేదని రాసి పంపేస్తా."

రాసింది కూడా. పంపబోతూ వేలు ఆపింది. కోపం ఉంటే అది ఇంత మెల్లగా పాడదు. మరి ఇదేమిటి? ఎటూ తేల్చుకోలేక, పాటలు రికార్డు చేసిన బాబాయికి ఫోను చేసింది.

"బాబాయ్, పాటల్లో ఆ ఖాళీలేంటి?"

"నేనూ అదే అడిగానమ్మా. వయొలిన్‌తో నింపుదామంటే వద్దంది. కత్తిరిద్దామంటే కొట్టినంత పని చేసింది. తన మైకు పక్కన ఖాళీగా ఉన్న రెండో మైకు దారికి అడ్డమని తీయబోతే, దాని జోలికి వెళ్లొద్దంది."

"ఎందుకంత పంతం దానికి? ఆల్బమ్ అయిపోయిందిగా, ఇంకా నన్ను సాధించేదేముంది?"



"అయిపోయిందని నీకెవరు చెప్పారు తల్లీ?"