సున్నం మీద అడుగు

నీలకంఠం మనుషుల మొహాలు చూడడు. కాళ్లే చూస్తాడు. బిర్సానగర్ మైదానంలో ఉక్కుమిల్లు ఆటలపోటీలు జరిగినప్పుడల్లా డిస్కస్ దగ్గర జడ్జి అతనే. పన్నెండేళ్లుగా అంతే.

విసిరే చోటు చుట్టూ గుండ్రంగా ఇనప పట్టీ ఉంటుంది. దాని మీద తడిసున్నం పూయిస్తాడు. లోపల ఎన్ని చుట్లు తిరిగినా సరే, పట్టీ మీద కాలు పడితే విసురు చెల్లదు. ముద్ర చూపించి మరీ ఎర్రజెండా ఎత్తుతాడు. అందుకే అతనితో ఎవరూ పేచీ పెట్టుకోరు. ఈ ఏడు, అంటే 1979లో, సొంత కొడుకు పోలరాజు పోటీకి దిగినా జడ్జిని మార్చమని ఎవరూ అడగలేదు.

పోటీలో మొదట వచ్చినవాడికి ఫర్నేసు దగ్గర పర్మనెంటు ఉద్యోగమని మేనేజరు మాటిచ్చాడు. పోలరాజుకి ఇరవై రెండు నిండాయి. ఇంకా ఖాళీగానే ఉన్నాడు.

ఆఖరి విసురు. అలవాటు కొద్దీ నీలకంఠం కాళ్లే చూస్తున్నాడు. ఆ బూట్లు పెద్దకొడుకు సూర్యంవి. నిరుడు అదే ఫర్నేసు దగ్గర ప్రమాదంలో అతను పోయాక, మిల్లువాళ్లు ఇంటికి పంపిన సంచిలో ఉన్నవి అవే.

పోలరాజు గిర్రున తిరిగి విసిరాడు. డిస్కు అందరి గుర్తులూ దాటి పడింది. జనం అటు పరిగెత్తారు. పోలరాజు కూడా పద్ధతి ప్రకారం వెనకవైపు నుంచి బయటికొచ్చి, అటే పరిగెత్తాడు.

వాళ్లు తిరిగి చూసేసరికి నీలకంఠం పట్టీ దగ్గర ఎర్రజెండా ఎత్తి నిలబడి ఉన్నాడు. సున్నం మీద బూటు ముద్ర ఉంది.

టేపు పట్టుకున్న అసిరయ్య దగ్గరకొచ్చాడు.

"ఏటి బావా, నీ కొడుకే కదా. ఈ పాలికి ఒగ్గీ."

"ముద్ర కనబడతంది కదా."

"పర్మనెంటు ఉద్దోగం బావా."

నీలకంఠం జెండా దించలేదు.

పోలరాజు వంగి ముద్ర చూశాడు. "రహనే దో మావా. నాన్న గలత్ నహీ బోల్తే," అన్నాడు పెరిగిన ఊరి హిందీ కలిపి, వదిలెయ్యమనీ నాన్న తప్పు చెప్పడనీ.

ఉద్యోగం పోటీలో అతని తర్వాత నిలిచినవాడికి వెళ్లింది.

ఇంట్లో సన్యాసమ్మ అన్నం వడ్డిస్తూ అడిగింది. "ఆడి కాలు నిజింగా పడిందేటి?"

"ఊఁ," అన్నాడు నీలకంఠం. ఏడుపు రాలేదు. సంతోషమూ కలగలేదు. చారులో ఉప్పుందో లేదో కూడా తెలియలేదు.

చెయ్యి కడుక్కుని కుళాయి దగ్గరే కూర్చున్నాడు. తన కుడిబూటు విప్పి, అడుగున ఎండిపోయిన సున్నాన్ని గోరుతో గీకి కడిగాడు.