పదిమందికి మించరాదు

కౌలాలంపూర్ నడిబొడ్డున, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో కట్టిన మా పద్దెనిమిది అంతస్తుల ఆఫీసు భవనానికి రేపు తాళం పడుతోంది. లిఫ్టు నడిపే లారెన్స్ మామకి ఈ రాత్రే ఆఖరి డ్యూటీ. నలభై ఏళ్లు ఇన్ని అంతస్తులెక్కినా తన అంతస్తు మాత్రం మారలేదని నవ్వే మనిషి. పాత ఉద్యోగులందర్నీ పిలిచి, వాళ్ల కోసం యాభై కర్రీపఫ్‌లు తెచ్చుకున్నాడు. వచ్చింది నేనొక్కణ్ణే.

"సగం మంది పోయినారు. ఉన్నోళ్లకి మోకాళ్లు పోయినాయి లా," అన్నాడు, ఇక్కడి మలేషియా వాళ్ల అలవాటుగా మాట చివర 'లా' తగిలించి, లిఫ్టులో తన స్టూలు మీద పఫ్‌ల పెట్టె ఒళ్లో పెట్టుకుని.

"పద మామా, ఆఖరిసారి పైదాకా తిప్పు," అని లిఫ్టులోకి అడుగుపెట్టాను.

బరువెక్కువైందని గంట మోగింది.

పదిమంది పట్టే లిఫ్టులో ఉన్నది ఇద్దరం. "నా పొట్టనేమీ అనకు. ఇది గుండె బరువు కూడా తూస్తాదా ఏటి?" అన్నాను.

మామ నవ్వలేదు. నా వెనక ఖాళీ మూలల్ని ఒక్కొక్కటే చూశాడు. మొహం దీపంలా వెలిగింది.

"వచ్చినారే! అందరూ వచ్చినారే!"

గంట ఆగలేదు. నా వైపు తిరిగి, నొచ్చుకుంటూనే అన్నాడు: "రూలు తెల్సు కదా బాబూ. సివర ఎక్కినోడు దిగాల."

దిగాను. గంట ఆగింది. తలుపు మూసుకుంది. ఒక్కో అంతస్తు దాటుతున్న కొద్దీ పైనుంచి నవ్వులు, చప్పట్లు.

లిఫ్టు దిగొచ్చింది. మామ ఒక్కడే, చెమటలతో, పెళ్లికొడుకులా. పెట్టెలో పొడి తప్ప ఏమీ లేదు.

"నీకొకటి దాచమన్నాను లా," అన్నాడు. "ఎవురూ ఇన్లేదు."