రెండు వేళ్ల పల్లం

రసమట్టంలో బుడగ మధ్యకు రానంటే రానని మొండికేసింది. మిరెల్లా దాన్ని జరిపి చూసింది, తిప్పి చూసింది.

“నాన్నా, కుడిపక్క రెండు వేళ్లు పల్లంగా ఉంది. ఇంకాస్త మట్టి పొయ్యాలి.”

“ఉండనీ,” అన్నాడు సెకోందో, ఇసుక జల్లిస్తూనే.

“ఉండనీ ఏమిటి? బంతి వేస్తే కుడిపక్కకే పోతుంది.”

“నువ్వు రొట్టెలమ్ముకో. నేల సంగతి నేను చూసుకుంటాను.”

మిరెల్లాకు ఒళ్లు మండింది. ఊరి మైదానంలో బోచ్చే బంతులాట ఆడేటప్పుడు ఎవరి చెప్పు గుర్తు పడినా, అది చదును చేసేదాకా ఆట ఆపించే మనిషి ఈయన. అలాంటివాడు సొంత పెరట్లో, టమాటా మొక్కలు పీకి మరీ కడుతున్న మైదానాన్ని వంకరగా కట్టడమేమిటి?

వంకర అక్కడితో ఆగిందా? బోచ్చే ఎక్కడైనా ఒక విడత ఇటునుంచి ఆడితే మరో విడత అటునుంచి ఆడతారు. పసిపిల్లలకు కూడా తెలుసు. సెకోందో మాత్రం అవతలి కొసన కాలు పెట్టే చోటు లేకుండా కట్టెలు పేర్చేశాడు.

“మరి అటునుంచి ఎలా ఆడతారు?”

“ఆడరు. ఎండ కళ్లలో కొడుతుంది. నా పెరడు, నా పద్ధతి.”

“ఇంతకీ నీతో ఆడేదెవరు?”

సెకోందో జల్లెడ దించాడు. “ఒత్తావియో. ఆదివారం రమ్మన్నానని నువ్వే చెప్పు. ఇంకెవరూ ఉండరని కూడా చెప్పు.”

మిరెల్లా రసమట్టం కింద పెట్టేసింది. ఒత్తావియో ఆమెను జ్ఞానస్నానం నాడు ఎత్తుకున్నవాడు. పెదనాన్నా అనే పిలుస్తుంది. ఆయనా నాన్నా కుర్రతనం నుంచీ ఆడుతున్నారు, నాన్న గెలిచింది ఎప్పుడో ఒకటీ అరా. అలాంటిది ఫిబ్రవరిలో ఒకనాడు పెదనాన్న ఓడిపోతూ, ఆట మధ్యలో బంతి కింద పెట్టేసి ఇంటికి వెళ్లిపోయాడట. మళ్లీ మైదానం వైపు రాలేదు. ఇద్దరికీ చెడిందని ఊరంతా అంది. అడిగితే నాన్న నోరు విప్పడు.

ఆ సాయంత్రం వంటింటి కిటికీలోంచి ఆమె అంతా చూసింది. సెకోందో దూరంగా పల్లీనో పెట్టాడు. అంతా గురి చూసే చిన్న బంతి అది. తరవాత మణికట్టు వదులు చేసి, పెద్ద బంతిని ఎడమకు విసిరాడు. ఇన్నేళ్లలో నాన్న అలా వేయగా ఆమె చూడలేదు. బంతి ఎడమ అంచున పాతిన చెక్క దాకా వెళ్లి, పల్లానికి మెల్లగా తిరిగి, పల్లీనోకు జానెడు దూరంలో ఆగింది. ఆయన పార తీసుకుని కాస్త మట్టి గీకాడు. మళ్లీ అలాగే విసిరాడు. మళ్లీ గీకాడు.

ఓహో, సంగతి ఇదా అనుకుంది మిరెల్లా. పల్లం గుట్టు తనకొక్కడికే తెలుసు, తగ్గ విసురు ముందే సాధన చేస్తున్నాడు.

మర్నాడు ఒత్తావియో రొట్టెల కొట్టుకు వచ్చాడు.

“ముక్కలు కోసి ఇవ్వు తల్లీ.”

కొట్లో కోయించుకునేవాళ్లను, “నమిలి కూడా పెట్టమనండి” అని ఏడిపించిన మనిషి. ముసలితనం కాబోలు అనుకుని మిరెల్లా కత్తి తీసుకుంది.

“పెదనాన్నా, నాన్న పెరట్లో మైదానం కట్టాడు. ఆదివారం ఆటకు రమ్మన్నాడు.”

“ఆట మానేశాను కదే.”

“ఎవరూ ఉండరట. మీరిద్దరే.”

“ఎవరూ ఉండరా?” ఒత్తావియో చాలాసేపు రొట్టె ముక్కల కేసి చూశాడు. “సరే, వస్తానని చెప్పు.”

ఆ ముఖంలో ఆశ చూసి ఆమె కత్తి పక్కన పెట్టేసింది. సాక్షులు లేకుండా పిలిచి, వంకర నేల మీద ఆయన్ని ఓడించబోతున్నాడు నాన్న. పిలిచిందేమో తను. చెబితే నాన్న పరువు పోతుంది. చెప్పకపోతే తనూ దొంగే. ఆట మొదలయ్యేలోగా చెప్పేయాలని నిశ్చయించుకుంది.

ఆదివారం మాడిపోయే ఎండలో ఒత్తావియో కోటు వేసుకుని, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని వచ్చాడు. చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఒకటి.

“అద్దంలో చూసుకోలేదా పెదనాన్నా?” అంటూ గుండీలు సరిచేస్తూ మిరెల్లా గొంతు తగ్గించింది. “ఒక్క మాట. ఆ నేల ఉందే...”

“మిరెల్లా,” అన్నాడు సెకోందో వెనకనుంచి. “వైను పట్రా.”

“ఒక్క నిమిషం నాన్నా.”

“ఇప్పుడే.”

ఆ గొంతు విన్నాక కాదనలేకపోయింది. సీసా పట్టుకుని పరుగున వచ్చేసరికి ఒత్తావియో బంతి విసిరేశాడు. అది తిన్నగా ఎడమ చెక్క వైపు పోతోంది. ఆయన కళ్లు దించుకున్నాడు. బంతి మెల్లగా తిరిగింది, దొర్లుకుంటూ వచ్చి పల్లీనోను ముద్దు పెట్టుకున్నట్టు ఆగింది.

ఒత్తావియో తలెత్తి నోరు తెరుచుకుని చూశాడు.

సెకోందో తన మామూలు పద్ధతిలో తిన్నగా వేశాడు. బంతి కుడిపక్కకు జారి చెక్కకు కొట్టుకుంది. తరవాతదీ అంతే. ఆ తరవాతదీ అంతే. నేలను తిట్టాడు, ఇసుకను తిట్టాడు, చిత్తుగా ఓడిపోయాడు.

“నీ నేల నీకే లొంగలేదురా,” అంటూ ఒత్తావియో ఎడమచేత్తో గ్లాసు ఎత్తాడు. కళ్లు తడిగా మెరుస్తున్నాయి. “వచ్చే ఆదివారం వచ్చి నేర్పుతాలే.” ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

మిరెల్లా సంతోషం పట్టలేకపోయింది. “దేవుడున్నాడు నాన్నా. అంత సాధన చేశావు, తీరా వేసేటప్పుడు ఆ విసురే మరిచిపోయావు. సిగ్గుగా లేదూ? రేపే ఆ పల్లం పూడ్చేస్తాను.”

ఆమె అందుకున్న పారను సెకోందో మెల్లగా లాగేసుకున్నాడు. వీధిలో ఈల వినబడనంత దూరం పోయాకే నోరు విప్పాడు.

“ఫిబ్రవరి నుంచి వాడి చెయ్యి ఎడమకు లాగేస్తోందమ్మా.”