నేల నుంచి పద్దెనిమిది అంగుళాలు

వంటింట్లో ఏదో దభీమని పడింది. ఆ వెంటనే స్టీలు డబ్బా దొర్లుకుంటూ పోయిన చప్పుడు. అక్క ఖాకీ కోటులో ఒక చెయ్యి మాత్రమే దూర్చి పరుగెత్తింది. చక్రాల కుర్చీ ఖాళీగా ఉంది. దాని పక్కన, గచ్చు మీద, తమ్ముడు ఒక మోచేతిపై ఆనుకుని పడి ఉన్నాడు.

“అయ్యయ్యో! చూశావా? నేనింకా గడప కూడా దాటలేదు!”

“అయితే దాటు. ఎవరొద్దన్నారు?”

“కింద పడి ఉండి కూడా వేళాకోళమేనా?” ఆమె వంగి అతని చంకల కింద చేతులు పెట్టబోయింది.

“ముట్టుకోకు. నన్ను లేవనీ.”

“నువ్వా? శిక్షణ కేంద్రంలో లేచావు, కాదనను. అక్కడ కింద మెత్తటి పరుపు, చుట్టూ నలుగురు మనుషులు. ఇది ఇల్లురా!”

“అందుకే చూడమంటున్నా.”

అప్పటికి సమయం పది గంటల ఇరవై నిమిషాలు. పదకొండున్నరలోగా ఆమె బస్సు డిపోలో హాజరు వేయించుకోవాలి. తమ్ముడి వెన్నుపూస దెబ్బతిన్నప్పుడు పెట్టిన ఎనిమిది నెలల సెలవు నిన్నటితో తీరిపోయింది. ఈ రోజు సంతకం పెట్టకపోతే ఆమె బస్సులో ఇంకో కండక్టరు ఉంటాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆమె చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది. ఫిజియోథెరపిస్టు ఇంటివాళ్ళకు నేర్పిన మొదటి పాఠం అదే: అడిగేదాకా సాయం చేసేవారి చేతులు వీపు వెనకే ఉండాలి.

అతను తొందరపడలేదు. నడుము కింద స్పర్శ లేదు గనుక దెబ్బ తగిలిందీ లేనిదీ వేళ్ళతో వెతికి తెలుసుకోవలసిందే. తొడలు, మోకాళ్ళు, మడమలు వరసగా తడిమాడు. వేళ్ళకు తడి అంటలేదు. అంతలో ఎడమకాలు టపటపా కొట్టుకుంది.

“ఒరేయ్, కాలు కదిలింది! దేవుడి దయ...”

“దయా లేదు, గియా లేదు. కండరాలు బిగుసుకున్నాయి, అంతే. కింద పడేశానని అలిగింది. పట్టించుకోకపోతే అదే ఊరుకుంటుంది.”

అర నిమిషంలో ఊరుకుంది.

గోడవార ఉన్న పొట్టి స్టూలును అతను దగ్గరకు లాక్కున్నాడు. నేల నుంచి స్టూలు తొమ్మిది అంగుళాలు, స్టూలు నుంచి కుర్చీ మరో తొమ్మిది. వీపు స్టూలు వైపు తిప్పి, అరచేతులు వెనక్కి ఆనించి, తల ముందుకు వంచి, బలమంతా భుజాల్లోకి తెచ్చుకున్నాడు. శరీరం లేచింది. స్టూలు జారింది. అతను మళ్ళీ గచ్చు మీదికి వచ్చి పడ్డాడు. అక్క చేతులు ముందుకొచ్చేశాయి.

“చేతులు!”

“నా చేతులు, నా ఇష్టం!”

“కండక్టరమ్మా, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళని రెక్క పట్టుకుని లోపలికి లాగు. నన్ను మాత్రం లాగకు.”

ఆమె అతని వైపు చూడకుండా ఫోన్ తీసింది. “రాలేనని చెప్పేస్తాను. ఉద్యోగం పోతే పోయింది. నువ్విలా గచ్చు మీద పడి ఉంటావేమో అనుకుంటూ అక్కడ రైట్ రైట్ అనడానికి నాకు నోరెలా వస్తుందిరా?”

“ఇంకొక్కసారి. ఈసారి కూడా లేవలేకపోతే ఆ నంబరు నేనే నొక్కుతాను.”

ఆమె ఫోన్‌ను గుప్పిట్లోనే ఉంచుకుంది. అతను స్టూలును గోడకూ కుర్చీకీ మధ్య ఇరికించాడు. మళ్ళీ తల వంచాడు. మెడ నరాలు ఉబ్బాయి; భుజాలు వణికాయి; వెన్ను స్టూలు అంచును రాసుకుంటూ పైకి వెళ్ళింది. కూర్చున్నాడు. పది శ్వాసలు లెక్కపెట్టుకున్నాడు. తరువాత ఒక అరచెయ్యి కుర్చీ మీద, ఒకటి స్టూలు మీద. ఈ రెండో మజిలీ మొదటిదానికంటే కష్టం, ఎందుకంటే చేతులు అప్పటికే అలసిపోయాయి. ఒకసారి ఊగి ఆగాడు. రెండోసారి ఊగి, కుర్చీలో పడ్డాడు. కాళ్ళను ఒక్కొక్కటే ఎత్తి పాదపీఠం మీద పెట్టుకున్నాడు.

అక్క గోడ గడియారం చూసింది. “పదకొండు నిమిషాలు,” అంది.

“కేంద్రంలో తొమ్మిదే. గచ్చు కదా, రెండు ఎక్కువ తీసుకుంది.” అతను ఆమె చేతులు రెండూ పట్టుకుని తిప్పి చూశాడు. “ఎనిమిది నెలలు నన్ను ఎత్తాయి, దించాయి, రెండు గంటలకోసారి పక్కకు తిప్పాయి. ఒంటి మీద ఒక్క పుండు లేదు. డాక్టరమ్మ నా వీపు చూసి మెచ్చుకున్నది నన్ను కాదక్కా, నిన్ను. నేనేమిచ్చినా ఆ రుణం తీరదు. ఇక వీటిని బస్సెక్కించు.”

ఆమె ఖాళీగా వేలాడుతున్న కోటు చేతితో మొహం తుడుచుకుంది. “పొగిడి పంపిస్తున్నావా?”

“పొగడకపోతే కదలవుగా!”

“కదులుతాలే. ఎనిమిది నెలలుగా చూస్తున్నాను, ఇవాళే నాకు గుండె కుదుటపడింది.”

కోటు రెండో చెయ్యి తొడుక్కుని, సంచి భుజాన వేసుకుని, నీళ్ళ సీసా కోసం వంటబల్ల దగ్గరకు వెళ్ళింది. సీసా వెనక ఏదో చూసి ఒక్క క్షణం ఆగింది. దాన్ని తీసుకొచ్చి తమ్ముడి ఒళ్ళో పెట్టి, గుమ్మం దాకా నడిచి, వెనక్కి తిరిగి అంది:

“అది నీ కళ్ళజోడు. నిద్రలో తప్ప ముక్కు మీంచి తియ్యవు కదా! మళ్ళీ ఎప్పుడైనా పొరపాటున పడాల్సివస్తే, ముందు దాన్ని పెట్టెలో భద్రంగా పెట్టి, మూత బిగించి మరీ పడకు!”