బెల్టు అతుకు

“గాజులు?”

“తీసేశాను మావయ్యా.”

“చున్నీ?”

“ఇంట్లోనే వదిలేసి వచ్చాను. జుట్టు ముడేసి పైన గుడ్డ కట్టాను. ఉంగరం లేదు, వాచీ లేదు. ఇంకేమన్నా ఉంటే చెప్పు, అదీ తీసేస్తాను.”

మేస్త్రి నవ్వలేదు. ఈ రోజు నవ్వకూడదని పొద్దున్నే ఒట్టు పెట్టుకుని వచ్చాడు. నవ్వితే మెత్తబడతాడు, మెత్తబడితే మేనకోడలు నెత్తికెక్కుతుంది. ఆరు నెలలుగా ఆ పిల్ల ఆయన షాపులో ఓ మూల కూర్చుని గరుకు కాగితంతో స్టూళ్ల కాళ్లు నున్నగా రుద్దుతోంది. ఆరు నెలలుగా ఆమెది ఒకటే పాట, తనను బెల్ట్ సాండర్ దగ్గర నిలబెట్టమని. జోరుగా తిరిగే ఆ గరుకు పట్టీకి చెక్క ఆనిస్తే, చేత్తో పూట పట్టే పని మూడు నిమిషాల్లో తేలిపోతుంది. చెక్కకు బదులు వేలు ఆనితే ఆ పని ఇంకా తొందరగా అయిపోతుంది. అందుకే ఆమె తల్లి, అంటే మేస్త్రి అక్క, ససేమిరా అంది.

తల్లీకూతుళ్ల మధ్య నలిగి నలిగి మేస్త్రి చివరికి ఒక ఒప్పందం కుదిర్చాడు. ఈ రోజు పరీక్ష. మెషిన్ సిద్ధం చేయడం దగ్గర్నుంచి ఆపడం దాకా అంతా ఆమే చేయాలి. ఒక్క తప్పు దొర్లినా జన్మలో దాని జోలికి పోకూడదు.

“ఎంత చిన్న తప్పయినా అంతేనా?”

“అంతే. తర్వాత ఏడ్చి లాభం లేదు.”

“ఏడ్చేదాన్నయితే ఆరు నెలల కిందటే ఏడ్చేదాన్ని. కాస్త జరుగు మావయ్యా, దారికి అడ్డంగా ఉన్నావు.”

ఆయన జరిగాడు. ఆమె మెషిన్ తీగ పట్టుకుని దాని వెంటే చివరిదాకా వెళ్లింది. ప్లగ్గు నేల మీద పడి ఉంది. తెచ్చి తన ముందే బల్ల మీద పెట్టుకుంది.

“ప్లగ్గు పీకేశానని చెప్పాను కదే! నా మాట మీద నమ్మకం లేదా?”

“ఉంది. అయినా ప్లగ్గు నా దగ్గరుంటే ఇంకా నమ్మకం.”

పొట్టు సంచి విప్పి, బయట దులిపి తెచ్చి మళ్లీ గొట్టానికి బిగించింది. మెషిన్ బల్లకూ బెల్టుకూ మధ్య అట్టముక్క దూర్చి, అది బిగువుగా కదిలేంత సందు మాత్రమే ఉంచి బోల్టు తిప్పింది. మూలమట్టం ఆనించి, రెండంచుల మీదా గోరు నడిపి బల్ల వాలలేదని తేల్చుకుంది. ముక్కుకు మాస్కు కట్టుకుంది. ఆయన గుర్తు చేయకముందే కళ్లద్దాలు కూడా పెట్టుకుంది, గొణుక్కుంటూనే.

“వీటితో నాకేం పని మావయ్యా, ముక్కు మీద బరువు తప్ప?”

“ఈ గడప లోపల అందరికీ ఒకటే రూలు.”

తర్వాత బెల్టును చేత్తో మెల్లగా తిప్పింది. అతుకు దగ్గర ఆగింది. దాని మీద వేలు పైకీ కిందికీ జార్చింది. మళ్లీ జార్చింది.

“దీన్ని ఎవరు బిగించారు?”

“ఎవరైతే నీకెందుకు? ప్లగ్గు పెట్టి మొదలుపెట్టు.”

“పెట్టను. అతుకు ఎదురు తిరిగి ఉంది. కింద నుంచి పైకి జారిస్తే వేలికి అంచు గీరుకుంటోంది. బెల్టేమో కిందికి తిరుగుతుంది. చెక్క తగిలిందంటే ముందు ఆ అంచే లేస్తుంది.”

“లోపల బాణం గుర్తు ఉంటుందే! దాన్ని బట్టే కదా ఎవరైనా బిగించేది?”

“బాణం సంగతి నాకు తెలీదు. నా వేలు చెప్పింది నేను చెప్తున్నాను.”

మేస్త్రి విసుక్కుంటూ వచ్చి, మూత తెరిచి, బెల్టు వదులు చేసి లోపలివైపు చూశాడు. బాణం పైకి ఉంది.

పొద్దున ఆ బెల్టు బిగించింది ఆయనే. అవతల అక్క ఏడుస్తుంటే, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, పాతికేళ్ల అలవాటు కొద్దీ చేతులు ఆడించేశాడు. తిరుగుతూ తిరుగుతూ అది చీలి ఎగిరితే ఎదురుగా నిలబడి ఉండేది ఈ పిల్లే.

“నేనే. తిరగేసి బిగించింది నేనే,” అన్నాడు చివరికి.

“ఒక్క తప్పు చేసినా జన్మలో దీని జోలికి పోకూడదన్నావు. ఆ రూలు మేస్త్రులకు కూడానా?”

పొద్దున పెట్టుకున్న ఒట్టు గట్టున పెట్టి మేస్త్రి నవ్వేశాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా.

ఆమె బెల్టు తీసి సరిగ్గా ఎక్కించింది. చేత్తో రెండు చుట్లు తిప్పి, ప్లగ్గు పెట్టి, స్విచ్ నొక్కింది. మోతలో చిన్న తేడా వినబడగానే పట్టీని సర్దే మరను వెంట్రుకవాసి తిప్పింది. పట్టీ మధ్యకు వచ్చి కుదురుకుంది. అప్పుడు స్టూలు కాలును బల్ల మీద ఆనించి, వేళ్లు వెనక్కి పెట్టుకుని, నొక్కకుండా, ఒకేచోట ఆపకుండా అటూ ఇటూ నడిపింది. పని అయ్యాక స్విచ్ ఆపి, మోత పూర్తిగా చచ్చేదాకా ఉన్నచోట నుంచి కదల్లేదు. ఆ తర్వాతే ప్లగ్గు పీకింది.

మేస్త్రి ఆ కాలును కిటికీ వెలుగులో నాలుగు వైపులా తిప్పి చూశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. అక్కకు ఫోన్ చేశాడు.

“అక్కా, రేపట్నుంచి ఆ మెషిన్ దానిదే.”

“ఒక్క తప్పూ చెయ్యలేదా?”

“అది చెయ్యలేదు, నేను చేశాను. పొద్దున బెల్టు తిరగేసి బిగించాను. బాణం నా కళ్ల ముందే ఉన్నా నాకు కనబడలేదు. అదే పట్టుకుంది.”

అక్క నమ్మలేక అడిగింది.

“మరి చూపు లేని పిల్లకి ఎలా దొరికిందిరా?”