తనంతట తానే లేచే పెట్టె

“ఆపండి, అక్కడే ఆపండి! వేలు కనపడిందా?”

నర్సరీ ఆఫీసు గదిలో లైనక్స్ సారు కుర్చీలోంచి లేచి మరీ తెర మీద చూపించాడు. సీసీ కెమెరా బొమ్మలో, షెడ్డు ఊడ్చే నారు పెద్దమ్మ గోడకున్న పెట్టెను గుడ్డతో తుడిచి, దాని పక్కనున్న పచ్చ బొత్తాం నొక్కుతోంది. పైన సమయం ఆరూ అయిదు.

“కనపడింది,” అన్నాడు నర్సరీ మేనేజరు.

“ఇది సోమవారం. ఇది మంగళవారం. ఇది బుధవారం. రోజూ అదే వేలు!”

దొంగను సొత్తుతో సహా పట్టుకున్న సంబరం ఆయన ముఖంలో. రెండేళ్ల కిందట నర్సరీ గాజు షెడ్డులో పెట్టెను బిగించింది ఆయనే. అరచేయంత బోర్డు, అందులో దాన్ని నడిపే చిన్న లైనక్స్ ప్రోగ్రాం; ఆయనకా పేరు దాంతోనే వచ్చింది. సాయంత్రం ఆరింటికి పంపుల్నీ ఫ్యాన్లనీ ఒక వరుసలో ఆపేసి, చివరికి తానూ ఆగిపోతుంది. పొద్దున ఆరింటికి లేచి, స్టార్టప్ స్క్రిప్టును, అంటే లేవగానే చెయ్యాల్సిన పనుల జాబితాను, పైనుంచి కిందికి చదువుకుంటూ పోయి, కప్పు కిటికీలు తెరిచి, నారు ట్రేల మీద నీటి తుంపర వదులుతుంది. మనిషి చెయ్యి అక్కర్లేదు. ఆ ఒక్క మాటను ఆయన ఎన్ని సభల్లో చెప్పాడో ఆయనకే లెక్క లేదు. ఒక సభలో జ్ఞాపిక కూడా ఇచ్చారు.

అలాంటిది పోయిన గురువారం తుంపర పడలేదు, కిటికీలు తెరుచుకోలేదు. మధ్యాహ్నానికి నలభై ట్రేల టమాటా నారు తలలు వాల్చేసింది.

“తప్పు స్క్రిప్టుది కాదండీ, ఈవిడ వేలిది,” అన్నాడు సారు. “లేచి కూర్చున్నవాణ్ణి పట్టుకుని లే లే అని కుదిపితే ఏమవుతుంది? తిక్క పుడుతుంది. పెట్టెకీ అంతే.”

మేనేజరు తలుపు దగ్గర నిలబడ్డ పెద్దమ్మ వైపు తిరిగాడు. “ఏం పెద్దమ్మా? పెట్టె వచ్చాక మిగతా ముగ్గుర్నీ పంపించేశాం. పోనీలే, ఊడవడానికి ఉంటావని నిన్ను ఉంచితే, నువ్వు చేసే నిర్వాకం ఇదా? రేపటి నుంచి రానక్కర్లేదు.”

పెద్దమ్మ చేతిలోని గుడ్డను రెండు మడతలు వేసింది. “తుడిచేటప్పుడు నొక్కుతానయ్యా. నొక్కితే నీళ్లు పడతాయి.”

సారు పకపకా నవ్వాడు. “విన్నారా? నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదన్న ముసలమ్మ ఎక్కడుందో అనుకున్నా. మీ దగ్గరే ఉంది!”

ఆయన వెంట వచ్చిన టెక్నీషియన్ అమ్మాయి తెర దగ్గరికి జరిగింది. ఆమెను తెచ్చింది తీగల సంచీ మొయ్యడానికి.

“సార్, గురువారం వీడియో చూద్దామా?”

“గురువారానిది ఎందుకు? ఆ రోజు ఈవిడ రానే లేదు. జ్వరమట.”

“రాని మనిషి ఎలా చెడగొట్టింది సార్?”

సారు వీడియోను మళ్లీ బుధవారానికి జరిపాడు. “బుధవారం చెడగొట్టి ఉంటుంది. గురువారం బయటపడింది.”

మేనేజరు ఆయన ముఖం కేసి కాస్త ఎక్కువసేపే చూశాడు. “ఎందుకైనా మంచిది, ఒకసారి లోపల చూడమ్మా.”

నలుగురూ షెడ్డులోకి నడిచారు. అమ్మాయి షెడ్డు మూలనే ఉండే కీబోర్డునూ తెరనూ పెట్టెకు తగిలించింది.

“పాస్‌వర్డ్ రహస్యం. అందరూ అటు తిరగండి,” అని సారు ముందుకొచ్చి రెండుసార్లు తప్పు కొట్టాడు. అమ్మాయి వంగి, పెట్టె అడుగున ఆయన రాతతోనే అంటించి ఉన్న చీటీ చూసి సరిగ్గా కొట్టింది.

స్టార్టప్ స్క్రిప్టు తెర మీదికి వచ్చింది. మొత్తం పదకొండు వరుసలు. ఏడో వరుస దగ్గర అమ్మాయి వేలు ఆగింది. ఆ వరుస ముందు రెండు నిలువు గీతలూ రెండు అడ్డగీతలూ కలిసిన చిన్న హ్యాష్ గుర్తు ఉంది.

“ఏంటది?” అన్నాడు మేనేజరు.

“ఈ గుర్తు ఉన్న వరుసను పెట్టె చదవదండీ, దాటేసి పోతుంది. పరీక్ష చేసేటప్పుడు పెట్టుకుంటాం, పనయ్యాక తీసెయ్యాలి. కిటికీలు, తుంపర మొదలుపెట్టే వరుస ఇదే. ఫైలు చివరిసారి మారింది పెట్టె బిగించిన వారంలోనే.”

“అంటే?”

“అంటే రెండేళ్లుగా పెట్టె పొద్దున్నే లేస్తోంది గానీ, లేచి ఊరికే కూర్చుంటోంది. చేత్తో మొదలుపెట్టే పచ్చ బొత్తాం నొక్కాకే పనిలోకి దిగుతోంది.”

 మేనేజరు పొట్ట పట్టుకుని నవ్వాడు.

“అయితే సారూ, మీ స్టార్టప్ స్క్రిప్టు మా పెద్దమ్మన్నమాట! ఆ జ్ఞాపికేదో ఈవిడకి ఇచ్చెయ్యండి.”

“పరీక్ష చేస్తూ పరధ్యానంలో తియ్యడం మరిచినట్టున్నాను,” సారు చెవులు ఎర్రబడ్డాయి. “ఒక్క క్షణం, ఇప్పుడే తీసేస్తా.”

“ముట్టుకోకండి! మీరు రెండేళ్లు మరిచారు, ఆవిడ ఒక్క రోజూ మరవలేదు. నాకు మీ వేలి కంటే ఆవిడ వేలే నయం. పెద్దమ్మా, నీ ఉద్యోగం ఇవాళ్టితో పర్మినెంటు. జ్వరమొచ్చేట్టుంటే మాత్రం ముందురోజే చెప్పు.”

సారు సంచీ తానే మోసుకుంటూ వెళ్లిపోయాడు. అమ్మాయి బయట తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటుంటే పెద్దమ్మ మగ్గుతో నీళ్లు పోసింది.

“సారు మతిమరుపు నీకు కలిసొచ్చింది పెద్దమ్మా.”

పెద్దమ్మ అటూ ఇటూ చూసింది. మేనేజరు గది తలుపు మూసే ఉంది.

“ఆయనకేం మతిమరుపు లేదు తల్లీ. పాపం, చక్కగానే రాశాడు. రాసినంతసేపూ పక్కన టార్చిలైటు పట్టుకున్నది నేనేగా. ‘ఏడో వరుస ముందు ఈ గుర్తు పెడితే పడుకుంటుంది, తీస్తే లేస్తుంది’ అని పాఠంలా పైకే అనుకుంటూ కూర్చున్నాడు. పోయేముందు గుర్తుంచుకుని తీసేసే పోయాడు.”

“మరి?”

“మర్నాడు అడుగునున్న చీటీ చూసి నేనే పెట్టాను.”